రెండక్షరాలతో ఇల్లు గీసిన మనిషి

మా డ్రాయింగు సారు పోయారన్న కబురు పొద్దున్నే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పది నిమిషాల్లో గ్రూపు నిండా దండాలే. మా యజమాని ‘మా సంస్థకు తీరని లోటు’ అని పెట్టాడు. అది చదివితే ఒళ్లు మండింది. ఆ లోటు ఆ రోజు వచ్చింది కాదు. అంతకు ఎనిమిది నెలల ముందే మేం చేతులారా తెచ్చుకున్నాం. అందులో పెద్ద చెయ్యి నాదే.

మాది బెంగళూరు దగ్గర చింతామణిలో ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. డిప్లొమా ముగించి బాగేపల్లి నుంచి వచ్చి చేరేనాటికి నాకు కంప్యూటర్లో గీత గీయడం వచ్చు, ఇల్లు గీయడం రాదు. అది నేర్పింది సారే. మెట్లు గీస్తే, "దీన్ని కడుపుతో ఉండే ఆడమనిషి ఎక్కల్లమ్మా. ఒగసారి నువ్వు ఎక్కి చూడు మనసులో" అనేవారు. వంటింటి తలుపు గీస్తే గ్యాస్ సిలిండరు ఏ దారిన లోపలికి వస్తుందో అడిగేవారు. కేకలేయడం ఎరగరు. తప్పు కనిపిస్తే కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చునేవారు. నేను దిద్దుకునేదాకా ఆ అద్దాలకు మురికి వదిలేది కాదు.

మా వైపు ఇల్లు కట్టేవాళ్లు ముందు అడిగేది ఆయం, అంటే వాస్తు లెక్క. పొడవును వెడల్పుతో గుణించి, దాన్ని మళ్లీ తొమ్మిదితో గుణించి, ఎనిమిదితో భాగిస్తే మిగిలే అంకె మంచిదై ఉండాలి. కాకపోతే గోడ రెండు మూడంగుళాలు జరపాలి. గోడ జరిగితే గది మారుతుంది, గది మారితే మెట్లు మారతాయి. పరగోడు పల్లెలో రైతైనా నంది కొండ దగ్గర హోటలు కట్టేవాడైనా ఈ విషయంలో ఒక్కటే. సారు దీనికోసం సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. మేం ప్లాన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎ, వై అని రెండక్షరాలు కొట్టి స్థలం కొలతలు ఇస్తే, కుదిరే కొలతలు అదే వెతికి గోడలు అదే గీసేది. అలాంటివే మెట్లకొకటి, కిటికీలకొకటి, నీళ్ల సంపుకొకటి. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషులో ఉండే సహాయం పేజీలు ప్రింటు తీసుకుని, కన్నడ మీడియం చదువుతోనే కూడబలుక్కుని, ఇరవై ఏళ్లపాటు రాసుకున్నారు.

ఆయం మీద మీకు నమ్మకముందా సార్ అని ఒకసారి వెటకారంగానే అడిగాను.

"నా నమ్మకం ఎవురికి కావల్లమ్మా? ఆ ఇంట్లో పండుకునేది వాళ్లు గదా" అన్నారు.

మూడేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో మౌసు పట్టుకుంటే తెర మీద బాణం ఎటో పారిపోయేది. కానీ రెండక్షరాలు కొట్టడానికి ఎడమ చెయ్యి చాలు. నాలుగు నెలలకే ఆఫీసుకొచ్చి, మౌసు ముట్టకుండా, ఆ ప్రోగ్రాములతోనే ఇళ్లకిళ్లు గీసేశారు. రెండు చేతులూ ఉన్న నేను ఆయన వెనకే ఉండేదాన్ని.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనేదాకా మేం వాడింది దొంగ కాపీ. ఎక్కడో తనిఖీలు జరుగుతున్నాయని విని యజమాని బెదిరిపోయి, అసలుదే కొందామన్నాడు. పెద్ద వెర్షను మా తాహతుకు మించింది. మిగిలినవి రెండు. ఒకటి, పేరున్న కంపెనీ చవకగా అమ్మే చిన్న వెర్షను. రెండోది మా ఊళ్లో ఎవరూ పేరు వినని కంపెనీది. ఏదో ఒకటి ఎంచే పని నాకు అప్పగించారు.

"ఏదన్నా తీసుకోమ్మా. మనం నేర్పిస్తే నేర్చుకుంటాదా లేదా, అది చూడు. నా ఫైలు ఒగటి యేసి చూడు, చాలు" అని సారు ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు.

చిన్న వెర్షను చూపించడానికి బెంగళూరు నుంచి సేల్స్ ఆయన వచ్చిన రోజు సారు ఆస్పత్రికి వెళ్లారు. పాత డ్రాయింగులు తెరుచుకున్నాయి. ప్రింట్లు బాగా వచ్చాయి. సొంత ప్రోగ్రాములు నడుస్తాయా అని అడిగాను. "ఎల్లా ఇదె మేడం" అన్నాడు, అన్నీ ఉన్నాయని. పెన్‌డ్రైవు నా గుప్పిట్లోనే ఉంది. పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. సిగ్గేసింది. ఆ ఫైలు నడిపితే ధ్వజాయం, సింహాయం, గజాయం అని ఆయాల పేర్లు తెర మీదికి వస్తాయి. వీళ్లు కంప్యూటరుతో శాస్త్రం చూసుకునే పల్లెటూరోళ్లని ఆ టై కట్టుకున్న మనిషి నవ్వుకుంటాడని నా భయం. పది నిమిషాల పని. చెయ్యకుండా సంతకం పెట్టేశాను.

కొత్తది వేసిన పొద్దున సారు వచ్చి కూర్చుని రెండక్షరాలు కొట్టారు. అలాంటి కమాండు లేదని వచ్చింది. తప్పు కొట్టాననుకుని మళ్లీ కొట్టారు. మూడోసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టారు.

"నా ఫైల్లు యాడ పెట్టినావమ్మా?"

పరుగున బయటికి వెళ్లి సేల్స్ ఆయనకు ఫోను చేశాను. ఆ సౌకర్యం పై వెర్షనులోనే ఉంటుంది మేడం అన్నాడు. తిరిగొచ్చి చెప్పాను.

"లేదా" అన్నారు సారు. కీబోర్డు పక్కకు జరిపి, "సరేమ్మా" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. యజమాని మాత్రం, "ఏడాదికి కట్టేసినాము, వచ్చే సంవత్సరం చూస్తాం" అన్నాడు. క్యాడ్ కొనబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే చెబుతాను. ధర అందరూ చూస్తారు. మీ దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషిని దాని ముందు కూర్చోబెట్టి, ఆయన పని ఆయన చేసుకోగలడేమో చూసి, తర్వాత సంతకం పెట్టండి.

సారు ఇంకో పదకొండు రోజులు వచ్చారు. మేం గీసిన ప్రింట్లు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "పొద్దున పూట చెయ్యికి ఎక్సర్‌సైజు చెప్పినారమ్మా, ఇంక వచ్చేకి కాదు" అన్నారు. అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ, హమ్మయ్య అనుకున్నాను. ఆయన ముందు కూర్చోవాల్సిన పని తప్పింది కదా.

రెండు నెలల తర్వాత ఆ పేరు వినని సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా నెల రోజులు వాడుకోవచ్చని తెలిసి వేసి చూశాను. సారు ప్రోగ్రాములన్నీ అక్షరం మార్చే పని లేకుండా నడిచాయి. ధర మేం కొన్నదానికంటే తక్కువ. ఆయన ఇల్లు మా బస్టాండుకు ఐదు నిమిషాల నడక. వెళ్లి చెప్పలేదు. చెబితే, మరి ఆ రోజు నా ఫైలు ఎందుకు వేసి చూడలేదని అడుగుతారు. వచ్చే సంవత్సరం ఇదే కొని ఒకేసారి పిలుద్దాం అనుకున్నాను. ఆ వచ్చే సంవత్సరం ఇంకా రాలేదు.

దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య ఒక పాత మౌసు తెచ్చి నా చేతికిచ్చారు.

"ఇది మీ ఆఫీసుదేనమ్మా, తీసుకొనిపో."

"మీ ఇంట్లో కంప్యూటరు లేదు కదమ్మా?"

"యాడిదమ్మా కంప్యూటరు! వట్టి దీన్నే తెచ్చుకొనె ఆయప్ప. పొద్దున టిఫను తిని, ఈ బల్ల మీద పెట్టుకొని ఎడం చేత్తో తోస్తా కూర్చునె. దినామూ గంట, గంటన్నర. డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజనే అనుకొంటి నేను. ఒగ దినం అడిగితే, చెయ్యి నిలకడైతే మల్లా పనికి పోతానే అనె."

ఆమె కాఫీ తేవడానికి లోపలికి వెళ్లారు. బల్ల మీద పూల ప్లాస్టిక్ గుడ్డ పరిచి ఉంది. దాని మీద స్కేలు పెట్టి పెన్నుతో గీసిన నాలుగు గీతలు, చిన్న గదిలాగా. ఆ గీతల వెంట మౌసు తిరిగిన దారి పొడవునా పూలు అరిగి తెల్లబడ్డాయి. గది నాలుగు మూలల దగ్గరా ఆ అరుగుదల పెన్ను గీతను దాటి బయటికి పోయింది.