చప్పుడు విని ఏరిన మామిడికాయలు

తొక్కు పచ్చడి పెట్టాలంటే మామిడికాయకు టెంక ముదరాలి, కండ మాత్రం పచ్చిగా, పుల్లగా ఉండాలి. టెంక కట్టని లేతకాయైనా, దోరకు వచ్చిన కాయైనా ముక్క జాడీలో నెలకే మెత్తబడుతుంది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల ఆడవాళ్లు ఒక కాయ కోయించి చూసి గానీ కొనేవాళ్లు కాదు. మా నాన్నకు మాత్రం కోయకుండానే తెలుస్తుందట!

నాన్న బాయిలో, అంటే బొగ్గుగనిలో, టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ముందు కడ్డీతో పైబండను కొట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది, ఊడే బండ డొల్లగా పలుకుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ చెవిని నమ్ముకునే దిగాడు, పైకి వచ్చాడు. అందుకే ఆ చెవికి తెలియనిది లోకంలో లేదని ఆయన ధీమా.

తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందు ఒక వేసవిలో అమ్మకు జ్వరమొచ్చి, కాయలు తెచ్చే పని నాన్న మీద పడింది. వెంట నేనూ వెళ్లాను. ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టుకుని వేలితో టకటకా కొడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. కాయలమ్మే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అన్నా, లోపల ఎవలన్న ఉన్నరా?" అంది. నాన్న నవ్వలేదు. యాభై కాయలు శ్రద్ధగా ఏరాడు.

ఇంట్లో అమ్మ కత్తిపీట ముందేసుకుని కోస్తే మొదటి కాయ లోపల పసుపుపచ్చ. రెండోదీ అంతే. మూడోదానికి టెంకే కట్టలేదు. మిగతావీ అలాంటివే. నేను పగలబడి నవ్వాను. ఏడాది తొక్కు పోయినట్టే కాబట్టి అమ్మ తిట్ల కోసం చూశాను. ఆమె తిట్టలేదు. నాన్న మొహంలోకి చూసింది.

"ఏమయ్యా, నీకు చప్పుడు మంచిగ ఇనవడుతున్నదా?"

"ఇనవడక? ఏందే గట్ల అడుగుతున్నవు?"

"మరి రేపు బాయిలకు ఎట్ల దిగుతవు?"

నా నవ్వు ఆగిపోయింది. మామిడికాయలకూ నాన్న ప్రాణానికీ లంకె ఉందని నాకు తోచనే లేదు.

ఆ పూట అమ్మ లేతవి పప్పులో వేసింది, దోరవాటితో బెల్లం పులుసు కాచింది. నాన్న తింటున్నంతసేపూ వెనక నుంచి గిన్నెను గరిటెతో మెల్లగా కొడుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ తిరిగి "ఏందే?" అన్నాడు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. మర్నాడు డ్యూటీకి పోనివ్వక, జ్వరం ఒంటితోనే దవాఖానకు లాక్కెళ్లింది.

డాక్టరమ్మ పరీక్షించి చెవులు రెండూ బాగున్నాయంది. అమ్మ నమ్మక కాయల కథంతా చెప్పింది. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "మామిడికాయ ఏం చెప్తదమ్మా? ఎవలు కొట్టినా గంతే."

బయటికొచ్చి అమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. నాన్న కంగారుపడ్డాడు.

"తొక్కు పోతె పోయింది, మళ్ల కాయలు తెస్త. ఏడువకే."

"తొక్కు ఎవలికి గావాలయ్యా," అంది అమ్మ. "నువ్వు ఇంటికి రావాలె గని."