పెద్దమ్మ కొన్న ఎండ

బుధవారం పొద్దున చాయ్ గ్లాసు నా చేతిలో ఉండగానే పక్కింటి కోడలు గోడ అవతలి నుంచి పిలిచింది. "సారూ, అత్తమ్మ లేస్తలేదు." పరుగెత్తుకుపోయి చూసేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. బీడీలు చుట్టి బతికిన మనిషి. చుట్టరికం లేకపోయినా నాకు పెద్దమ్మే. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. సోమవారమే ఇద్దరం బ్యాంకుకు పోయి ఆమె సోలార్ దీపం అప్పుకు చివరి కిస్తు కట్టి వచ్చాం.

మా ఊరు వేములవాడకు బస్సులో గంట దూరం. మా వాడ దాకా కరెంటు స్తంభాలు రాలేదు. సర్కారు కొంత ఇస్తుందని, మిగిలింది బ్యాంకు అప్పిస్తుందని, ముందు మన వాటా కట్టాలని ఆమెకు చెప్పింది నేనే. ఆ వాటా కోసం కాళ్ల వెండి కడియాలు అమ్మేసింది. కొడుకు వారం రోజులు మాట్లాడలేదు. ఎండను పైసలు పెట్టి కొనేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని వాడంతా నవ్వింది.

పెట్టిన కొత్తలో ఆ దీపం అన్నం తినే లోపే ఆరిపోయేది. ఒక మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే, సోలార్ పలక మీద తడి గోనెసంచి కప్పి ఉంది. ఇదేంటని అడిగితే నన్నే మందలించింది.

"గింత ఎండకు మనిషే ఆగడు, అద్దం ఆగుతదా బిడ్డా? పలిగితే ఎవరిస్తరు?"

బీడీలు చుట్టే తునికాకు ఎండిపోకుండా ఏళ్ల తరబడి తడి గోనె కప్పిన మనిషి, దీన్నీ అలాగే కాపాడుకుంది. అసలు సంగతి చెప్పాక కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తన మీద తాను అలా నవ్వుకోగలిగేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ తర్వాత దీపం ఇబ్బంది పెట్టలేదు. కిరసనాయిలుకు లైనులో నిలబడే పని తప్పింది. పొద్దుగూకాక రెండు మూడు కట్టలు ఎక్కువ చుట్టేది. ఆ కూలీ, మిగిలిన నూనె డబ్బులు కలిపితే కిస్తుకు సరిపోయేది. ఊళ్లో రైతులంతా వాన కోసం వేములవాడ రాజన్నకు మొక్కుతుంటే ఈమె ఒక్కతే ఎండ కోసం మొక్కేది. మబ్బు పట్టిందా, ఆకాశాన్ని వరుసపెట్టి తిట్టేది.

సోమవారం బ్యాంకు మెట్లు దిగుతూ రసీదు నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"ఇగ రేపటి సంది నా కూలి నాదే, బిడ్డా."

ముందుగా కడియాలు చేయించుకుంటానంది. మంగళవారం ఒక్కరోజే దక్కింది ఆమెకు. ఒక్కటంటే ఒక్కరోజు. ఇదేం న్యాయమని ఎవరిని అడగాలో నాకు తెలియడం లేదు.

బుధవారం సాయంత్రం శ్మశానం నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. కోడలు స్విచ్ వేసింది. పెద్దమ్మ ముందురోజు కత్తిరించి పెట్టుకున్న ఆకు మూలన అలాగే ఉంది, తెల్లారితే పనికిరాదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏడ్చి ఏడ్చి అలసిన వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆ దీపం కిందికి జరిగి, చాట చుట్టూ కూర్చుని, ఆమె బీడీలు చుట్టడం మొదలుపెట్టారు.