ఒక ఎల్ తక్కువ

ఎదురుగానే శేషయ్య టీకొట్టు ఉన్నా, ఆళ్లగడ్డ నెట్ సెంటర్ ఓబులేసు టీకి బస్టాండు దాకా నడుస్తాడు. అంతకుముందు, షట్టర్ ఎత్తగానే చొక్కా కొసతో కీబోర్డు తుడిచి, తాను పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసిన రక్తదాతల సైటులో ఊరిపేరు కొట్టి చూస్తాడు.

మొన్నటి ఎండాకాలం, కాన్పు కష్టమైన భార్యను ఆసుపత్రిలో వదిలి మద్దిలేటి నెట్ సెంటర్‌కు ఉరికొచ్చాడు. “ఓ నెగటివ్ రక్తం వాళ్లు ఈడ ఎవరన్నా ఉండారా సూడప్పా!” ఓబులేసు వెతికితే డేటాబేసు ఎవరూ లేరంది. “ఈడ లేరన్నా, నంద్యాలకు తీస్కపో.” ఆమె దారిలోనే పోయింది. ఎదురుకొట్టు శేషయ్యదే ఆ గ్రూపు. అతని వివరాలు ఎక్కించేటప్పుడు ఓబులేసే ఇంగ్లీషులో ఆళ్లగడ్డకు ఒక ఎల్ తక్కువ కొట్టాడు. అక్షరం తగ్గితే డేటాబేసుకు అది వేరే ఊరు. తర్వాత దిద్దాడు. ఇప్పుడు రోజూ వెతుకుతాడు, రోజూ శేషయ్య పేరు వస్తుంది. తల వంచుకొని బస్టాండు వైపు పోతుంటే శేషయ్య కేకేస్తాడు: “ఏందబ్బీ ఓబులేసూ, నా టీ అంత చేదైపాయనా?”