మా అన్న గిటారు, న్యూ మెటల్ అరుపులు

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రమైతే చాలు, నంద్యాలలో మా ఇంటి మిద్దె మీద మా అన్న గిటారు తీగలు వదులు చేస్తూ కూర్చునేవాడు. ఆరు తీగల శ్రుతినీ కిందికి దించేసి ఒక్కసారి మీటితే దడ్‌మని గుండెల్లో పడేది. పక్కన కూర్చుని జుట్టు ఎగిరేలా తల ఊపడం చెల్లెలిగా నా డ్యూటీ.

ఆ పిచ్చి పేరు న్యూ మెటల్. తెలియనివాళ్లకు చెబుతాను... బరువైన గిటార్లు, మధ్యలో పద్యం అప్పజెప్పినట్టు గబగబా మాటలు, ఉన్నట్టుండి గొంతు చించుకుని అరవడం. సున్నిపెంట నుంచి వచ్చి అన్నతో చదువుకునే స్నేహితుడొకడు సీడీలు కాపీ చేసి ఇచ్చేవాడు. వాటి మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు చెమట చేతులకు చెరిగిపోయి, ఏ సీడీలో ఏముందో పెట్టి వింటేగానీ తెలిసేది కాదు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయితేనేం... రోమాలు నిక్కబొడుచుకునేవి.

మా నాయన బడిపంతులు. చర్చిలో పాటలు ఎత్తుకునేది కూడా ఆయనే. ఈ గోల ఆయనకు గిట్టేది కాదు. "ఏందిరా ఆ అరుపులు, కడుపునొప్పి వచ్చినోని మాదిరి? ఇయ్యి నిలబడే పాటలు కాదురా" అనేవాడు.

అసలు ఆ గిటారు మాది కాదు, చర్చిది. వాయించేది అన్న ఒక్కడే కాబట్టి మా ఇంట్లో ఉండేది.

ఒక ఆదివారం అన్న తీగలు మళ్లీ బిగించడం మరిచిపోయాడు. అప్పట్లో మా చర్చిలో కీబోర్డు లేదు... గిటారు ఏ శ్రుతి ఇస్తే పాట ఆ శ్రుతిలోనే. నాయన కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. చరణం కిందికి దిగేసరికి గొంతు పాతాళానికి పోయింది. గాలి తప్ప మాట రాలేదు!

ఎప్పుడూ పెదవులు మాత్రమే కదిపే వెనక బెంచీల పెద్దమనుషులు మాత్రం, శ్రుతి తమకు అందేసరికి ఎక్కడలేని హుషారుగా అందుకున్నారు. చర్చి దద్దరిల్లింది. నేను నవ్వు ఆపుకోలేక మా అమ్మతో తొడపాశం పెట్టించుకున్నాను.

నాయన నవ్వలేదు. ఆరాధన అయిపోయాక అందరి ముందర గిటారు లాక్కున్నాడు. "ఇది దేవుని గిటారు. నీ అరుపులకు కాదు. ఆ పాటలన్నా మానుకో, దీన్నన్నా మానుకో" అన్నాడు.

 మరుసటి ఆదివారం అన్న పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంతవరకు ఏ గిటారూ ముట్టుకోలేదు. నాయన రమ్మనలేదు, అన్న ఇమ్మనలేదు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలే. ఒకే ఇంట్లో ఉంటూ వాళ్ల మాటలు "అన్నం తిన్నావా", "ఊ" దగ్గర ఆగిపోయాయి... చూసే మాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇప్పుడేమో న్యూ మెటల్ మళ్లీ వచ్చిందంటున్నారు. రీల్స్‌లో పిల్లలు అవే పాటలకు ఊగిపోతున్నారు. నాకు ఒకటే కుతూహలం... మా అన్న గిటారును వదులుకునేంత సరుకు వాటిలో నిజంగా ఉందా? లేక అదంతా మా వయసు మహిమేనా?

తేల్చుకుందామని పోయిన నెల ఆళ్లగడ్డ వెళ్లాను. అన్న అక్కడ బడిలో లెక్కల సారు. నాయన కూడా ఇప్పుడు అన్న దగ్గరే ఉంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యి నాయన లోపల పడుకోగానే, ఫోన్‌ని స్పీకర్‌కి కలిపాను.

"ఏందిమే, ఇప్పుడెందుకు అయన్నీ?" అన్నాడు అన్న.

"ఊరికే అన్నా. పాసా ఫెయిలా చూద్దాం. నువ్వే మార్కులెయ్యి."

మొదటి ఆల్బమ్ సగం కాకుండానే ఫెయిల్. ఆ గబగబా మాటలు వింటుంటే నాకే సిగ్గేసింది. మధ్యలో డీజే రికార్డు గీకే చప్పుడు మొదలవగానే అన్న పగలబడి నవ్వాడు. "మా వీధిలో శిల్పాలు చెక్కేటోళ్లు ఇంతకంటే బాగా గీకుతారు మే!"

రెండోదాంట్లో డ్రమ్ములు ఇప్పటికీ అదుర్స్. కానీ ఇప్పుడు ఇంగ్లీషు అర్థమవుతుంది కదా... లోకమంతా కలిసి తనొక్కడికే అన్యాయం చేసినట్టు ఒకటే ఏడుపు. అత్తెసరు మార్కులతో పాస్ చేశాడు.

మూడో ఆల్బమ్‌లో ఒక పాట మెల్లగా, మనతో మాట్లాడుతున్నట్టే మొదలవుతుంది. పోనుపోను అరుపవుతుంది. అన్న నవ్వు ఆగిపోయింది. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద వాటంతటవే కదులుతున్నాయి.

"అప్పుడు మాటలు తెలీకపోయినా, ఈయప్ప ఏం చెప్తాండాడో నాకు తెలుసు అనిపిస్తాండె మే" అన్నాడు మెల్లగా.

అప్పుడు చూశాను... గది తలుపు దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. ఇంత వయసొచ్చినా అన్న చిన్నపిల్లాడిలా కంగారుపడి ఫోన్ అందుకోబోయాడు.

"ఆపొద్దు" అన్నాడు నాయన. కుర్చీ లాక్కుని కూర్చుని, పాట అయిపోయేదాకా విన్నాడు.

"ఎవరి మింద రా, అంతగా అరుస్తాండాడు?"

అన్న తల వంచుకునే చెప్పాడు. "వాళ్ల నాయన మింద, నాయనా."

"వాళ్ల నాయనకు ఇనపడిందంటనా?"

"తెలీదు నాయనా."

నాయన కుర్చీని అన్న పక్కకు జరుపుకున్నాడు. "మళ్లా పెట్టు. కొంచెం సౌండు పెంచు... నాకు చెవులు సరిగా ఇనపడవు."

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి చెవుల్లో పాట వాళ్లది... "ఆపు" అనేవాళ్లూ లేరు, "పెంచు" అనేవాళ్లూ లేరు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆపించిన పాట ఏది? వాళ్లు ఇంకా ఉంటే, ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి... ఏమన్నారో నాకూ చెప్పండి.