మా జట్టు కట్టని ముడి

కరోనా తగ్గి లారీలు మళ్లీ జోరందుకున్న ఏడాది. అమలాపురంలో నాది లారీ బుకింగ్ ఆఫీసు. కొబ్బరికాయల వ్యాపారికి లారీ కుదిర్చి, లోడు సక్రమంగా పంపించడం నా పని. లోడింగ్ అయ్యాక టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించేది జట్టు కూలీలే. ఏ జట్టు ముడి ఆ జట్టుదే. దారిలో డ్రైవరు దాన్ని విప్పడు. విప్పితే కాయ తగ్గిందని అవతలి పార్టీ పేచీ పెడుతుంది.

పొద్దున్న నాగ్‌పూర్‌కి పంపిన లారీ సాయంత్రం పనిమీద వెళ్తున్న నాకు రావులపాలెం దగ్గర రోడ్డు పక్కన కనిపించింది. వెనక తాడుకి మా జట్టు ముడి లేదు. డ్రైవరు వీర్రాజుది కొత్తపేట, నన్ను బాబాయ్ గారూ అంటాడు.

"తాడెవరు విప్పేర్రా?"

"గాలికి వదులైపోయిందండి, నేనే కట్టేనండి."

"నా మొహం చూసి చెప్పు."

తల దించుకున్నాడు. "ఎవరో మూటలేవో వేసేరండి. ఏంటని అడగొద్దన్నారండి. నేనడగలేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. మన్యం నుంచి గంజాయి దిగుతోందని వింటూనే ఉన్నాం. అది నేను పంపిన కాయల కిందే దాక్కుందన్నమాట! పోలీస్ స్టేషన్‌కి పదమన్నాను.

"కాలవలో పారేద్దామండి. ఎవరికీ తెలీదండి. నేను జైలుకెళ్తే పిల్లలేమైపోతారండి?"

"పారేస్తే రేపు ఇంకో మూట ఇంకో లారీ ఎక్కుతుంది. నువ్వు కాకపోతే ఇంకొకడు దొరుకుతాడు వాళ్లకి. పద, నేనున్నాను."

"ఆయ్... పదండి బాబాయ్ గారూ."

ఎస్సై గారు విడమరిచి చెప్పారు. సరుకు కొండ దించేవాడొకడు, హైవేకి చేర్చేవాడొకడు, డ్రైవర్ని పట్టేవాడొకడు, దించుకునేవాడొకడు. ఒకడికి ఇంకొకడి ఫోన్ నంబరు తప్ప ఊరూ పేరూ తెలియవు. డ్రైవర్ని ఒక్కణ్నే పట్టుకుంటే మిగతావాళ్లు ఇంకొకణ్ని వెతుక్కుంటారు. అందుకే కంట్రోల్డ్ డెలివరీ చేద్దామన్నారు. అంటే సరుకును పోలీసుల కనుసన్నల్లోనే వెళ్లనిచ్చి, అందుకునేవాణ్ని పట్టుకోవడం. లారీ వీర్రాజే నడపాలి. ఒక కానిస్టేబుల్ క్లీనర్ వేషంలో ఎక్కాడు. నేను పట్టుబట్టి వెనక పోలీసు జీపులో కూర్చున్నాను.

హైదరాబాద్ దాటాక దించుకునేవాళ్లు దొరికారు. వాళ్ల ఫోన్ల ద్వారా డ్రైవర్లని ఎంచేవాడు బయటపడ్డాడు. మా లారీ స్టాండు ఎదుట టీకొట్లో రోజూ కూర్చుని, అందరి కష్టసుఖాలూ అడిగే పెద్దమనిషి! వీర్రాజు ఆ కేసులో సాక్షిగా నిలబడ్డాడు. ఇప్పుడు మళ్లీ నా లోడ్లే తోలుతున్నాడు.

ఒక్క సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. వీర్రాజు భార్యకి ఆపరేషన్ అని, డబ్బు అవసరమని ఆ టీకొట్టు మనిషికి తెలుసు. ఏళ్ల తరబడి వీర్రాజుకి లోడిచ్చిన నాకు తెలియదు. వాళ్లు మనిషిని పట్టేది ఆ అవసరం దగ్గరే. అందుకే ఇప్పుడు ముడి చూసుకున్నాక డ్రైవర్ని ఇంట్లో అంతా ఎలా ఉన్నారని అడుగుతాను. ఇంజన్ స్టార్ట్ చేసినా సరే, జవాబు చెప్పేదాకా క్యాబిన్ తలుపు వదలను.