మా చెల్లెలి ముఖానికి తెరుచుకున్న ఫోన్

నాకూ మా చెల్లెలికీ వయసులో తేడా ఉంది గానీ ముఖాలు మాత్రం ఒకే అచ్చు. ఆమె కాపురం కనిగిరిలో. నేను సత్తెనపల్లి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా వీధిలో నా విద్యార్థులు ఆమెకు నమస్కారం పెడతారు. ఆమె కూడా హోంవర్క్ చేశారా అని అడిగి పంపేస్తుంది.

మొన్న ఎండాకాలం మొదట్లో, ఏడాదికి సరిపడా కారం పట్టించుకుందామని మా ఇంటికి వచ్చింది. ఆ వారమే నా రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. గుంటూరులో డాక్టరుకు చూపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపాలని, గురువారం రమ్మన్నారు. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెబితే ఆయన్ను ఓదార్చే పని కూడా నా మీదే పడుతుంది. గురువారం ట్రైనింగ్ ఉందని ఇంట్లో ప్రకటించాను. టీచర్లకు ట్రైనింగ్ ఎందుకని ఎవరూ అడగరు.

ఫోన్ గురించి నాకు బెంగ లేదు. నా ముఖం చూస్తే తప్ప అది తెరుచుకోదు. ఆ మాట అమ్మినతనే చెప్పాడు.

మంగళవారం సాయంత్రం డాబా మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తుతుంటే చెల్లెలు నా ఫోన్ పట్టుకుని పైకొచ్చింది.

“అక్కా, ఇది నాకు తెరుచుకుంటుందే.”

“తెరుచుకోదు.”

ఫోన్ ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. తెరుచుకుంది. నేను లాక్కుని, లాక్ చేసి, నా ముఖానికి పెట్టుకున్నాను. తెరుచుకోలేదు. ఘాటుకు తట్టుకోలేక ముక్కూ నోరూ కొంగుతో కట్టుకుని ఉన్నాను.

“మోగుతుంటే ఇద్దామని తీశా. కట్టయింది. ఎవరా అని చూస్తే ఆసుపత్రోళ్లు. గురువారం తోడుగా ఎవరినన్నా తీసుకురమ్మని మెసేజ్ పెట్టారు.”

“ఇంకేం చూశావ్?”

“నేను చేసిన పులుసు నోట్లో పెట్టలేకపోయానని వదినకు మెసేజ్ పెట్టావుగా, అది కూడా చూశా. దాని సంగతి తర్వాత మాట్లాడదాం.”

ఆ తర్వాత చెల్లెలు గోతాం పట్టుకుంటే నేను కాయలు ఎత్తి పోశాను. ఇద్దరికీ కళ్ల నీళ్లు కారుతున్నాయి. ఎందుకని ఎవరం అడగలేదు.

గురువారం పొద్దున్నే చెల్లెలు సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. “నేనూ ట్రైనింగ్‌కి వెళ్తున్నా బావగారూ,” అంది. మా ఆయన మంచిదన్నాడు.

ఆసుపత్రిలో నర్సు నా పేరు పిలిచి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. “నేను కాదమ్మా, ఆవిడ,” అని చెల్లెలు అంటే, “భయపడకండి, నొప్పుండదు,” అని లోపలికి నడిపించబోయింది. ఆధార్ కార్డు చూపించాను. అందులో ఫొటో మా ఇద్దరిలో ఎవరిలాగానూ లేదు. చివరికి గడ్డ ఎవరికుందో వాళ్లే రమ్మన్నారు.

రిపోర్టు వచ్చేదాకా చెల్లెలు ఊరికి వెళ్లలేదు. కాయలు ఇంకా ఆరలేదని వాళ్లాయనకు రోజూ ఫోన్లో చెప్పింది. కారం పట్టించి డబ్బాల్లో పోశాక కూడా అదే చెప్పింది. రిపోర్టులో అది మామూలు గడ్డేనని, ప్రమాదం లేదని వచ్చింది. అప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆ పూటంతా ఆయన నాతో మాట్లాడలేదు. మర్నాడు, ఇంకెప్పుడైనా ట్రైనింగ్ ఉంటే తననూ తీసుకెళ్లమన్నాడు.

ఫోన్ అమ్మినతని దగ్గరికి చెల్లెల్నే వెంటబెట్టుకుని వెళ్లాను. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

“ఇలాంటి ఫోన్లు ముందువైపు కెమెరాతో బొమ్మ పోల్చుకుంటాయండి, అంతే. పోలికలుంటే మోసపోతాయి. కొన్నయితే మనం నిద్రపోతున్నా ముఖం ముందు పెడితే తెరుచుకుంటాయి. ముఖం తీసేసి నంబరు పెట్టుకోండి మేడం.”

“అమ్మేటప్పుడు చెప్పలేదేం?”

“అప్పుడు మీరొక్కరే వచ్చారండి.”

అక్కడే నంబరు పెట్టుకున్నాను. బస్టాండులో కనిగిరి బస్సు ఎక్కబోతూ చెల్లెలు ఆగింది.

“ఏం నంబరు పెట్టావే?”

చెప్పాను.


“వదినకు పెట్టేవి చూడన్లే,” అని బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది.