గంట గడువు

భీమవరం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ఫోన్లు, కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. పాత ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టినప్పుడు కాల్స్ కలిపే సర్వర్లు రెండు ఉండాలని పట్టుబట్టింది నేనే. ఒకటి ఆగిపోతే రెండోది అందుకుంటుందని సూపరింటెండెంటు గారికి హామీ కూడా ఇచ్చాను.

ఒక మధ్యాహ్నం మొదటి సర్వరు ఆగిపోయింది. రెండోది పని అందుకున్నట్టు తెర మీద కనిపించింది. నేను తాపీగా పాడైన పెట్టె విప్పుకుంటూ కూర్చున్నాను. అంతలో కాన్పుల వార్డు హెడ్ సిస్టర్ గారు తానే మెట్లు దిగి వచ్చారు. ఎంతటి కేసులోనూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు గుమ్మంలోంచే కేకేశారు.

"థియేటర్‌కి నాలుగుసార్లు చేశానండి. అక్కడ ఎవరూ ఎత్తట్లేదు. ఒకావిడకి కాన్పయ్యాక రక్తం ఆగట్లేదు, మత్తు డాక్టరు గారు వెంటనే రావాలి."

డాక్టర్లు సెల్‌ఫోన్లు బయట లాకర్లో పెట్టి థియేటర్‌లోకి వెళతారు. ఆయన్ని పిలవడానికి ఆ గోడ ఫోను ఒక్కటే దారి. రక్తం కోసం ఆయాను అప్పటికే పరుగెత్తించారట. థియేటర్ ఉన్న ఎదుటి కొత్త బిల్డింగ్‌కి నేను పరుగెత్తాను.

థియేటర్ తలుపు దగ్గర డాక్టరు గారికి కబురు చెప్పాను. ఆయన మాట పూర్తిగా వినకుండానే బయల్దేరారు. గోడ ఫోను మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా మోగలేదని అక్కడి నర్సు చెప్పింది.

అప్పుడు నాకు అర్థమైంది. ప్రతి ఫోనూ తానెక్కడ ఉందో సర్వరుకు చెప్పి నమోదు చేసుకుంటుంది. ఆ నమోదు గడువు తీరేదాకా మళ్ళీ చెప్పదు. గడువు గంట. ఈ ఫోన్లన్నీ ఆగిపోయిన సర్వరు దగ్గరే నమోదై ఉన్నాయి. ఎవరైనా నంబరు నొక్కితే కాల్ రెండోదానికి చేరుతుంది గానీ, వీటి ఆచూకీ తెలియక అది ఏ ఫోనునూ మోగించలేదు. ఫోన్లకేమో సర్వరు ఆగిపోయిన సంగతి తెలియదు.

వైరు పీకి మళ్ళీ పెట్టాను. ఫోను కొత్తగా మొదలై రెండో సర్వరులో నమోదైంది. తర్వాత బ్లడ్ బ్యాంకు, క్యాజువాలిటీ, కాన్పుల వార్డు. అన్నిచోట్లా వైర్లు పీకుతూ తిరిగాను. కాన్పుల వార్డు బయట బెంచీ మీద ఆ బాలింత భర్త తల వంచుకుని కూర్చున్నాడు. అతని ముఖం చూడలేక పక్కనుంచి దాటిపోయాను.

సాయంత్రానికి రక్తస్రావం ఆగింది. తల్లీ బిడ్డా బతికారు.

నేను వెళ్ళి తప్పు నాదేనని సూపరింటెండెంటు గారితో చెప్పాను. గంట ఎందుకు పెట్టావని ఆయన అడిగారు. ఫోన్లు వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేశానన్నాను. ఆయన, "ఈ మాట సిస్టర్ గారికి కూడా నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "బాగుచేశాక నా ముందు ఆపి చూపించండి" అన్నారు.

గడువు రెండు నిమిషాలకు తగ్గించి, ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆవిడ ఎదుటే సర్వరు ఆపాను. ఆవిడ చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. రెండు నిమిషాలు కాగానే థియేటర్ నంబరు నొక్కారు. అవతల నర్సు పలికింది. ఆవిడ ఫోను పెట్టేసి, మిగతా వార్డుల నంబర్లు కూడా ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టారు.